మూడింటి వేళ మోగని ఫోను

మొగల్తూరు దగ్గర మా మావయ్యకి నాలుగు రొయ్యల చెరువులున్నాయి. ఒక్కో చెరువులో డీవో కొలిచే సెన్సరు ఒకటి వేలాడుతూ ఉంటుంది. డీవో అంటే నీళ్ళలో కరిగి ఉన్న ప్రాణవాయువు. లీటరుకి ఐదు మిల్లీగ్రాములు ఉంటే వనామీ రొయ్య నిశ్చింతగా తిరుగుతుంది, మేత తింటుంది. మూడుకి దిగితే మేత మానేస్తుంది. ఇంకా దిగితే గట్టు పడుతుంది, పైకి తేలుతుంది. ఆ తర్వాత రైతు చేయగలిగేది పెద్దగా ఉండదు. పగలు నీళ్ళలోని సన్నటి నాచు ఎండ తిని ప్రాణవాయువు వదులుతుంది. చీకటి పడ్డాక అదే నాచు రొయ్యలతో పాటు తనూ ప్రాణవాయువు పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున మూడు నుంచి పొద్దు పొడిచేదాకా గండం. ఆ వేళ నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతూ ఉండాలి. ఆగితే, ఆగిన సంగతి ఎవరో ఒకరికి తెలియాలి.

నిరుడు ఎండాకాలంలో ఒక రాత్రి తెలియలేదు. మూడో చెరువు ఏరియేటర్లకి ఫ్యూజు పోయింది. డీవో పడిపోయింది. సెన్సరు ఆ సంగతి పట్టుకుంది, కబురు పంపింది కూడా. ఆరు కిలోమీటర్ల అవతల ఇంట్లో పడుకున్న మావయ్య తలగడ పక్కన ఫోను మాత్రం మోగలేదు. కాపలా ఉండే పెద్దాయనకి మెలకువ వచ్చి టార్చి వేసి చూశాడు. వెంటనే ఫోన్ చేసి, "ఆయ్, రొయ్య గట్టు పట్టేసిందండి, మీరు బేగా రావాలండి" అన్నాడట. మావయ్య వెళ్ళేలోపే తను ఫ్యూజు వేసేశాడు. కొంత పోయినా చెరువు దక్కింది.

మర్నాడు నేను రాజమండ్రి నుంచి వెళ్ళాను. మావయ్య కోప్పడలేదు. "ఏరా, అన్నీ బాగుంటే ఇది చప్పుడు చెయ్యదు. కొంప మునిగినా చప్పుడు చెయ్యలేదు. రెంటికీ తేడా నాకెలా తెలుస్తుందిరా?" అని మాత్రం అడిగాడు. ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ పోతే, ప్రపంచమంతా వాడే కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఏళ్ళ తరబడి దాగి ఉండి బయటపడ్డ లోపాల దాకా వెళ్ళాను.

మోటారు షెడ్డులో గోడకి బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో అరచేతిలో పట్టే కంప్యూటరు ఒకటుంది. మెమరీ 512 ఎంబీ. ఊళ్ళో ఒక కుర్రాడు విడిభాగాలు తెచ్చి కట్టిచ్చాడు. సెన్సర్లు నేరుగా మావయ్య ఫోనుతో మాట్లాడవు. అన్నీ ఈ డబ్బాకి చెబుతాయి, డబ్బా ఎవరికి చెప్పాలో వాళ్ళకి చెబుతుంది. ఈ మధ్యవర్తి పని చేసే సాఫ్ట్‌వేరుని మెసేజ్ బ్రోకర్ అంటారు.

రావులపాలెం అరటి మార్కెట్ చూసినవారికి బ్రోకరు అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. లంకల నుంచి రైతు సైకిలు మీద గెలలు తెస్తాడు. వాటిని కొనే వ్యాపారి ఏ ఊరివాడో, లారీ ఎప్పుడు వస్తుందో రైతుకి అనవసరం. కమీషన్ కొట్టు దగ్గర దించేసి వెళ్ళిపోతాడు. లారీవాడికీ ఏ గెల ఏ లంకదో తెలియనక్కర్లేదు. సరుకు కాసేపు యార్డులో ఉంటుంది, వేళకి కదులుతుంది. బ్రోకరు వల్ల వచ్చే సుఖం ఇదే. పంపేవాడూ అందుకునేవాడూ ఒకరికోసం ఒకరు ఆగనక్కర్లేదు. బ్యాంకులు, రైల్వేలు, ఆస్పత్రులు, ఆన్‌లైన్ దుకాణాలు, అన్నిటి వెనకా ఇలాంటి యార్డులున్నాయి. అయితే ఆ యార్డు మూసుకుపోయిన రోజున లంకల్లో గెలలు పండుతూనే ఉంటాయి, రోడ్డు మీద లారీలు ఆగే ఉంటాయి, మధ్యలో ఏమీ కదలదు.

డబ్బా చిట్టా తెరిచి చూస్తే, రాత్రి ఒంటిగంట దాటాక మెమరీ నిండిపోయిందని ఆపరేటింగ్ సిస్టమే బ్రోకరుని ఆపేసినట్టు రాసి ఉంది. మళ్ళీ లేచింది, మళ్ళీ ఆగిపోయింది. అలా తెల్లారేదాకా పదకొండుసార్లు.

కారణం మావయ్య పాత ఫోను. నెలన్నర కిందట అది కాలవలో పడిపోయింది. కొత్తది కొనుక్కుని యాప్ పెట్టుకున్నాడు, ఆ సంగతి అంతటితో మరిచిపోయాడు. బ్రోకరు మరిచిపోలేదు. ఆ పాత ఫోను "నేను అందుబాటులో లేకపోయినా నా కబుర్లు దాచి ఉంచు, ఒక్కటి కూడా పోకూడదు" అని చెప్పి ఉంది. ఆ మాట నిలబెట్టుకుంటూ బ్రోకరు ప్రతి కబురుకీ ఒక నకలు దానికోసం దాచింది. సెన్సరు పది సెకన్లకోసారి పలుకుతుంది, అంటే రోజుకి 8,640 సార్లు. నాలుగు చెరువులకీ 34,560. ఒక్కో కబురూ దాని ఖాతా లెక్కలతో కలిపి మూడు వందల బైట్లు అనుకున్నా రోజుకి పది ఎంబీ పైన. నలభై రోజుల్లో నాలుగు వందల ఎంబీ దాటింది. ఆ మూటని డిస్కు మీద కూడా రాసి పెట్టుకుంది కాబట్టి, ఆగిపోయి లేచిన ప్రతిసారీ ముందు ఆ మూటే ఎత్తుకునేది, ఆ బరువుకే మళ్ళీ కూలేది.

ఇలా పోగుపడకుండా హద్దు పెట్టే వీలు సెట్టింగుల్లో ఉంది. కట్టిచ్చిన కుర్రాడు అక్కడ సున్నా రాశాడు. ఆ ఫైలులో సున్నా అంటే "ఏమీ దాచకు" అని అర్థం కాదు, "హద్దు లేదు" అని. మంచి ఉద్దేశంతోనే రాశాడు, ఏ కబురూ పోకూడదని.

ఇక్కడ ఎవరూ దాడి చేయలేదు. కానీ ఆ చిట్టా చూశాక నాకు నిద్ర పట్టలేదు. కాలవలో మునిగిన ఫోను తెలియక చేసిన పనిని, తెలిసినవాడు కావాలని చేస్తే నలభై రోజులు ఆగక్కర్లేదు. సేవ అందకుండా చేసే ఈ తరహా దాడిని డినయల్ ఆఫ్ సర్వీస్ అంటారు. ఇందులో దొంగతనం ఉండదు, రహస్యాలు బయటికి పోవు, ఖాతాలో డబ్బు మాయం కాదు. యార్డు గేటుకి అడ్డంగా బండి నిలబెట్టడమే. బ్రోకర్ల విషయంలో ఆ బండి పేరు చాలాసార్లు ఒకటే: మెమరీ.

ఇలాంటి చిన్న యంత్రాలు మాట్లాడుకునే భాషల్లో ఎక్కువ వాడుకలో ఉన్నది ఎంక్యూటీటీ. 1999లో ఐబీఎంలో పనిచేసే ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్కామ్‌లో పనిచేసే ఆర్లెన్ నిప్పర్ కలిసి దీన్ని తయారుచేశారు. ఎడారిలో పారే చమురు గొట్టాల మీద ఉన్న మీటర్ల అంకెలు ఉపగ్రహం ద్వారా రావాలి. ఉపగ్రహం మీద పంపే ప్రతి బైటుకీ డబ్బు కట్టాలి. అందుకని మాటల్లో ఒక్క అక్షరం దండగ లేకుండా కుదించారు. "నాలుగో చెరువు డీవో 4.2" అని చెప్పడానికి ఇరవై బైట్లు చాలు. మన చెరువు గట్ల మీద సిగ్నల్ అంతంతమాత్రమే, బ్యాటరీ చిన్నది, అందుకే ఆ పొదుపు మనకీ అతికినట్టు సరిపోయింది. అయితే ఆ గొట్టాలూ మీటర్లూ ఉపగ్రహం లింకూ అన్నీ ఒకే సంస్థ వాడుకలోనివి. అపరిచితుడు వచ్చి తలుపు తడతాడన్న ఊహ ఆ రోజుల్లో అక్కర్లేదు.

ఆ పొదుపు ఎలా చేశారో దగ్గరగా చూద్దాం. ప్రతి ఎంక్యూటీటీ సందేశానికీ మొదటి బైటు "ఇది ఏ రకం సందేశం" అని చెబుతుంది. ఆ వెంటనే "ఇంకా ఎన్ని బైట్లు వస్తున్నాయి" అనే అంకె ఉంటుంది. ఆ అంకెని రాసే తీరు ముచ్చటగా ఉంటుంది. బైటుకి ఎనిమిది బిట్లు కదా, ఏడింటిలో అంకె రాసి, ఎనిమిదోదాన్ని "ఇంకా ఉంది, తరువాతి బైటు కూడా చూడు" అనే గుర్తుగా వాడారు. చిన్న సందేశానికి ఒక్క బైటు సరిపోతుంది. పెద్దదైతే రెండు, మూడు, నాలుగు దాకా. ఏడు నాలుగులు ఇరవై ఎనిమిది బిట్లు. వాటిలో రాయగల గరిష్ఠ అంకె 26,84,35,455. అంటే 256 ఎంబీ.

ఇప్పుడు రావులపాలెం యార్డుకి వెళ్దాం. ఒకడు ఖాళీ సైకిలు మీద వచ్చి, "వెనకాల ఇరవై లారీల సరుకు వస్తోంది, జాగా అట్టిపెట్టండి" అన్నాడనుకోండి. కొట్టు గుమాస్తా వాడెవడో అడగకుండానే యార్డంతా తాళ్ళు కట్టి ఖాళీ చేయించాడనుకోండి. లారీలు రావు. పొద్దున్నే గెలలతో వచ్చిన నిజమైన రైతుకి దించుకునే చోటు లేదు. ఐదు బైట్ల మాట (రకానికి ఒకటి, పొడవుకి నాలుగు) నమ్మి బ్రోకరు ఇరవై ఆరు కోట్ల పైచిలుకు బైట్లకి జాగా రాసిస్తే జరిగేది ఇదే. పదహారు మంది అలా వస్తే 4 జీబీ.

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ దీన్ని కొంత కాచుకుంటుంది. జాగా అడగ్గానే కాగితం మీద రాసిచ్చి, నిజంగా బైట్లు వచ్చి పడేదాకా అసలు మెమరీ కేటాయించదు. కానీ దాడి చేసేవాడు వందల కనెక్షన్లు తెరిచి, ఒక్కోదానిలో నిజంగానే చెత్త నింపుతూ పోతే ఆ కాపుదల ఎంతోసేపు నిలవదు. మరి పాస్‌వర్డు ఉంది కదా అంటారేమో. పాస్‌వర్డు ఆ సందేశం లోపల ఉంటుంది. సందేశం మొత్తం అందుకుని విప్పితే తప్ప వచ్చినవాడెవడో బ్రోకరుకి తెలియదు. గుర్తింపు కార్డు చూడకముందే జాగా ఖర్చయిపోతుంది.

మస్కీటో అనే బ్రోకరు ఇలాంటి చిన్న డబ్బాల్లో ప్రపంచమంతా విరివిగా వాడేది. రోజర్ లైట్ మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేరుని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. సాఫ్ట్‌వేరు లోపాల బహిరంగ జాబితాలో సీవీఈ-2017-7651 అని నమోదైన లోపం అచ్చంగా పైన చెప్పినదే. చేరికకి పంపే మొదటి సందేశమైన కనెక్ట్‌ని భారీగా పంపి, అలాంటివి చాలా కనెక్షన్ల మీద పెడితే, లోపలికి రాకుండానే బ్రోకరు మెమరీ నింపేయొచ్చు. 2018 ఫిబ్రవరిలో వచ్చిన 1.4.15 వెర్షన్‌లో దాన్ని సరిచేశారు. కనెక్ట్ సందేశం ఇంతకంటే పెద్దది ఉండకూడదని హద్దు పెట్టారు.

ఆ హద్దు కనెక్ట్‌కి మాత్రమే వర్తించింది. వచ్చీ రావడంతోనే కనెక్ట్ కాకుండా ఇంకో రకం సందేశం పంపితే? నియమం ప్రకారం అలా పంపకూడదు, పంపితే బ్రోకరు తరిమేస్తుంది. అయితే ఎప్పుడు తరిమేస్తుంది? జాగా రాసిచ్చాక. వీధి గుమ్మానికి గడియ బిగించారు, పెరటి గుమ్మం తెరిచే ఉంది. ఆ సంగతి సీవీఈ-2023-0809 పేరుతో బయటికి వచ్చి, 2023 ఆగస్టులో 2.0.16 వెర్షన్‌తో మూతపడింది. ఇప్పుడు కొత్తగా వచ్చినవాడి మొదటి బైటులోనే రకం చూసి, కనెక్ట్ కాకపోతే పొడవు సంగతి పట్టించుకోకుండానే తలుపు వేసేస్తుంది. ఐదేళ్ళ పైన పట్టింది ఆ రెండో గుమ్మం మూయడానికి. దీన్ని రాసినవాళ్ళ అజాగ్రత్త అని నేను అనలేను. వేలమంది కళ్ళ ముందే తెరిచి ఉన్న కోడు అది. చూసినవాళ్ళంతా మొదటి సందేశం కనెక్టే అని మనసులో అనుకుని చదివారేమో, అంతే.

మస్కీటో ఒక్కటే కాదు. పెద్ద సంస్థలు వాడే అపాచీ యాక్టివ్‌ఎంక్యూలో 2025 మేలో బయటపడ్డ సీవీఈ-2025-27533 కూడా ఇదే కుటుంబం. ఓపెన్‌వైర్ అనే తన సొంత భాషలో వచ్చిన ఆదేశాన్ని విప్పేటప్పుడు, లోపల రాసి ఉన్న పొడవుని సరిచూడకుండా అంత జాగా కేటాయించేది. అది జావాలో రాసిన సాఫ్ట్‌వేరు. జావాలో కాగితం మీద రాసిచ్చే వెసులుబాటు ఉండదు, అడిగినంత జాగానీ సున్నాలతో నింపి మరీ ఇస్తుంది. కాబట్టి దెబ్బ వెంటనే తగులుతుంది. 6.1.6, 5.18.7, 5.17.7, 5.16.8 వెర్షన్లలో సరిచేశారు. రెండు వైపులా సర్టిఫికెట్లు చూపించుకున్నాకే మాట్లాడే ఏర్పాటు ఉన్నచోట బయటివాడు ఆ గుమ్మం దాకా రాలేడు.

ర్యాబిట్‌ఎంక్యూ అనే ఇంకో బ్రోకరు కథ కొంచెం వేరు, గోదావరి మనుషులకి చప్పున అర్థమయ్యేది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. నది నెత్తిమీదికి వచ్చాక కాకుండా, వస్తుండగానే లంకల్లోవాళ్ళని లేపడానికి ఆ గీతలు. ర్యాబిట్‌ఎంక్యూలోనూ అలాంటి గీత ఉంది. 3 వరస వెర్షన్లలో మెమరీలో నలభై శాతం నిండగానే పంపేవాళ్ళని నిలిపేస్తుంది, అందుకునేవాళ్ళు ఖాళీ చేశాక మళ్ళీ వదులుతుంది. కాలవకి లాకులు దించినట్టే. అయితే నిర్వహణ కోసం వెబ్ ద్వారా సందేశం వేసే దారి ఒకటి పక్కన ఉంది. ఆ దారిన వచ్చే ఒక్క సందేశం ఎంత పెద్దదైనా ఉండొచ్చు, హద్దు లేదు. ఒకే ఒక్క సందేశంతో మెమరీ నిండి బ్రోకరుని ఆపరేటింగ్ సిస్టమ్ చంపేసేంత. 2023 అక్టోబరులో వెల్లడైన సీవీఈ-2023-46118 అదే. లోపలికి రావడానికి ఖాతా ఉన్నవాడే చేయగలడు కాబట్టి తీవ్రత కొంత తక్కువ. 3.11.24, 3.12.7 వెర్షన్లలో ఆ దారికీ కొలత పెట్టారు.

మెమరీ నింపకుండా, ఊరికే కూర్చుని కూడా పని ఆపొచ్చు. టిఫిను హోటల్లో బల్లలన్నీ ఆక్రమించి, సర్వరు వచ్చినప్పుడల్లా "ఇంకా ఆలోచిస్తున్నాం" అనే గుంపుని ఊహించుకోండి. ఎంక్యూటీటీలో చేరేవాడు "నా దగ్గర్నుంచి ఇంతసేపు మాట రాకపోయినా బతికే ఉన్నాననుకో" అని వ్యవధి చెప్పుకోవచ్చు. గరిష్ఠంగా 65,535 సెకన్లు, అంటే పద్దెనిమిది గంటల పన్నెండు నిమిషాల పదిహేను సెకన్లు. దానికి ఒకటిన్నర రెట్లు ఆగాకే బ్రోకరు ఆశ వదులుకోవాలి. ఇరవై ఏడు గంటలకి పైగా! కనెక్షన్ల లెక్కకి హద్దున్న చిన్న డబ్బాని ఇలా మౌనంగా నింపేయొచ్చని 2020లో ఇటలీ పరిశోధకులు స్లోఇట్ పేరుతో చూపించారు. 2019 నాటి ఎంక్యూటీటీ 5వ వెర్షన్‌లో, "అంతసేపు కుదరదు, నేను చెప్పినంతే" అనే అధికారం బ్రోకరుకి ఇచ్చారు.

ఇంకో రకానికి దుర్బుద్ధి కూడా అక్కర్లేదు. గాలివానకి కరెంటు పోయి, వచ్చిన క్షణం గుర్తు చేసుకోండి. ఫీడరు మీద ఉన్న ఏరియేటర్లూ మోటార్లూ అన్నీ ఆటో స్టార్టర్లతో ఒక్కసారి లేస్తాయి. మోటారు లేచేటప్పుడు నడిచేటప్పటికంటే ఐదారు రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు ఠప్పుమంటుంది, మళ్ళీ చీకటి. బ్రోకరు లేచిన క్షణం కూడా అంతే. దూరమైన పరికరాలన్నీ ఒకేసారి చేరబోతాయి, ఆ తాకిడికి అది పడుతుంది, అవన్నీ మళ్ళీ ఒకేసారి ప్రయత్నిస్తాయి. మందు చాలా తేలిక. ఒక్కో పరికరం తనకి తోచినంతసేపు, ఒకటి మూడు సెకన్లు, ఇంకోటి పదిహేడు, ఆగి ప్రయత్నించాలి. 2025 ఏప్రిల్ 12న దేశమంతా యూపీఐ గంటల తరబడి మొరాయించడానికి కూడా బయటి శత్రువు కారణం కాదు. "డబ్బు చేరిందా" అని అడిగే ప్రశ్నలని కొన్ని బ్యాంకుల యంత్రాలు ఆపకుండా పంపడం వల్ల వ్యవస్థ ఉక్కిరిబిక్కిరైందని యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ తేల్చింది. ఆ రోజు చేపల మార్కెట్‌లో చిల్లర కోసం వెతుక్కున్నవాళ్ళకి ఈ కారణం తెలియాల్సింది, సరిగ్గా చెప్పినవాళ్ళు తక్కువ.

మావయ్య షెడ్డుకి వస్తాను. డబ్బాలో ఇంకోటి కూడా కనబడింది. ఇంటి దగ్గర్నుంచి చూసుకోవడానికి వీలుగా 1883 అనే పోర్టుని ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టారు. ఎంక్యూటీటీకి అది ఊరందరికీ తెలిసిన గుమ్మం. 2018లో అవాస్ట్ సంస్థ వెతికితే ప్రపంచమంతా 49,000కి పైగా ఎంక్యూటీటీ సర్వర్లు బయటికి కనబడుతున్నాయని, వాటిలో 32,000కి పైగా పాస్‌వర్డే లేనివని తేలింది. మావయ్య డబ్బాకి పాస్‌వర్డు ఉంది. అందులోని మస్కీటో వెర్షను మాత్రం పాతది. అంటే పెరటి గుమ్మం తరహా దాడితో ఏ దేశంలో కూర్చున్నవాడైనా, ఎవరి చెరువో తెలియకుండానే, సరదాకి కూడా ఆ బ్రోకరుని పడుకోబెట్టగలడు. వాడికి అది తెర మీద ఒక గీత. ఇక్కడ మూడు నెలల మేత అప్పు, లక్షల్లో.

మరి కబురు పోయే దారే మూసుకుపోయిందని కబురెలా? ఎంక్యూటీటీ తయారుచేసినవాళ్ళు దీనికి సగం జవాబు ముందే ఆలోచించారు. పరికరం చేరేటప్పుడే ఒక వీలునామా రాసిస్తుంది: "నేను చెప్పాపెట్టకుండా పోతే ఈ మాట అందరికీ చెప్పు." సెన్సరు చచ్చిపోతే బ్రోకరు ఆ వీలునామా చదివి మావయ్య ఫోను మోగిస్తుంది. చక్కటి ఏర్పాటు. కానీ చదివేవాడే పోతే చదివేదెవరు? ఆ సగానికి జవాబు బ్రోకరు లోపల దొరకదు, బయట పెట్టుకోవాలి.

రెండు రోజులు అక్కడే ఉండి చేసిన పని ఇది. మునిగిపోయిన ఫోను పేరు మీద ఉన్న మూట చెరిపేశాం. సున్నా ఉన్నచోట వెయ్యి రాశాం. కబురుకి కొలత పెట్టాం, నాలుగు కేబీ దాటితే వద్దని. వెర్షను మార్చాం. 1883 బయటి గుమ్మం మూసి, ఇంటి నుంచి చూడాలంటే వీపీఎన్ అనే తాళం ఉన్న దారి ద్వారా రావాలని పెట్టాం. డీవో నాలుగుకి దిగితే ఎవరినీ అడక్కుండా ఏరియేటర్ ప్యానెల్ దగ్గరే సైరను మోగేలా, సెన్సరు నుంచి నేరుగా వైరు లాగాం. ఆ వైరుకి బ్రోకరుతో పనిలేదు, ఇంటర్నెట్‌తో పనిలేదు. రాజమండ్రిలో నా దగ్గరున్న యంత్రం నిమిషానికోసారి డబ్బా నుంచి "ఉన్నాను" అనే మాట వింటుంది. మూడుసార్లు వినబడకపోతే మావయ్యకి ఫోను చేస్తుంది.

ఇదంతా వివరిస్తుంటే కాపలా పెద్దాయన పక్కనే నిలబడి విని, "అంటే మిస్డ్ కాల్‌ లాంటిదాండి?" అన్నాడు. డబ్బా రాకముందు రాత్రిపూట రెండు గంటలకోసారి ఆయన మావయ్యకి మిస్డ్ కాల్ ఇచ్చేవాడట. ఒక్క మోత మోగిందంటే అంతా క్షేమం. వేళకి మోగలేదంటే మావయ్య బండి తీసేవాడు. డబ్బా వచ్చాక ఇంకెందుకులే అని మానేశారు. మోగితే ప్రమాదం అనే లెక్కలోకి మారిపోయారు. నేను అంతసేపు చెప్పింది ఆయన పాత అలవాటునే.

మళ్ళీ మొదలుపెట్టమన్నాను. మొన్న అట్లతద్దికి వెళ్ళినప్పుడు ఆ రాత్రి మావయ్య ఇంట్లోనే అరుగు మీద పడుకున్నాను. మూడింటికి ఫోను ఒక్కసారి మోగి ఆగిపోయింది. మావయ్య కళ్ళు తెరవకుండానే "ఆఁ" అని, దుప్పటి లాక్కుని అటు తిరిగి పడుకున్నాడు.